బెంజాయిల్ పెరాక్సైడ్ రాస్తుంటే మొహం మండి పొట్టు లేస్తోంది, ఆపేయమంటారా?

లంకపిల్ల (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారం అండి. నేను డిగ్రీ రెండో సంవత్సరం. పదో తరగతి నుంచే మొటిమలు ఉన్నాయి గానీ ఈ ఏడాది నుదురు, రెండు బుగ్గలు, గడ్డం అంతా వచ్చేశాయి, కొన్ని చీముతో, కొన్ని లోపల గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే నా బుగ్గల వైపే చూస్తున్నారనిపిస్తుంది, ఫొటోలు దిగడం మానేశాను. ఒక స్నేహితురాలు చెబితే మందుల షాపులో బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం జెల్ కొన్నాను. తొందరగా తగ్గాలని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మందంగా పట్టించాను. ఆరో రోజుకి ముక్కు పక్కల, పెదాల చివర ఎర్రబడి పొట్టు లేస్తోంది, నీళ్లు తగిలినా మంటే. పైగా నా నీలం దిండు గలీబు మీద తెల్ల మరకలు పడ్డాయి, ఎంత ఉతికినా పోవట్లేదు. గుడ్డనే ఇలా చేసిందంటే నా చర్మాన్ని ఏం చేస్తోందోనని భయంగా ఉంది. మా పెద్దమ్మ "ఒంట్లో వేడి చేసిందే, ఆ ట్యూబులన్నీ పారేసి పసుపు, కొబ్బరినూనె రాసుకో" అంటోంది. ఇంకో ఐదు వారాల్లో మా పిన్ని కూతురి పెళ్లి. ఆపేయాలా, వాడాలా?

భీమవరం_అక్క

ముందు భయపడకు చెల్లీ. నాకు 19 ఏళ్లప్పుడు అచ్చం ఇలాగే జరిగింది, పొట్టు లేవగానే ఆపేశాను, ఆ ఆపడమే తప్పయింది, రెండేళ్లు పోయాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోజు విడిచి రోజు, రాత్రి మాత్రమే రాశాను, మూడో నెలకి బుగ్గలు చదునుగా వచ్చాయి. నువ్వు వాడిన మందు మంచిదే, రాసిన తీరు ఎక్కువైంది. డాక్టరు గారు వచ్చి వివరంగా చెబుతారు, ఆగు.

కొబ్బరితోట (రాజోలు వైపు)

అమ్మాయీ, మీ పెద్దమ్మ మాట తీసిపారెయ్యకు. మేము తరతరాలుగా కొబ్బరినూనే రాసుకున్నాం, మా అమ్మకి 80 ఏళ్లు వచ్చినా మొహం మీద మచ్చ లేదు. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లం ఉంది, అది క్రిములను చంపుతుందని శాస్త్రవేత్తలే చెప్పారు. మన తోటలో కాసింది వదిలేసి ఎక్కడి రసాయనాలో ఎందుకు తల్లీ?

మందులషాపు_అన్న (పాలకొల్లు)

22 ఏళ్లుగా కౌంటర్ వెనక ఉన్నవాడిని, చూసింది చెబుతాను. మొటిమలకి మందు అడిగేవాళ్లలో చాలామంది వారం రోజులకే తిరిగొచ్చి "ఇది పనిచెయ్యట్లేదు, ఇంకా గట్టిది ఇవ్వండి" అంటారు. 2.5 శాతం తీసుకున్నవాళ్లు 5 అడుగుతారు, 5 వాడేవాళ్లు 10 అడుగుతారు. మొటిమ తగ్గించే విషయంలో 2.5కీ 10కీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని పరీక్షల్లో తేలింది, మంట, ఎండిపోవడం మాత్రం 10లో బాగా ఎక్కువ. పచ్చడిలో కారం రెండింతలు వేస్తే రుచి రెండింతలు అవదు కదా, నోరు మండడమే మిగులుతుంది. అంత ఎక్కువ శాతం అవసరం లేదని చెప్పినా చాలామంది వినరు, పక్క షాపుకి వెళ్లిపోతారు. అది నాకు నిజంగా బాధ.

చర్మం_డాక్టర్ (కాకినాడ)

లంకపిల్ల గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మందు ఎక్కువై చర్మం ఎండిపోవడమే. అలర్జీ అయితే వేరేలా ఉంటుంది: కనురెప్పలు వాచిపోతాయి, మందు రాయని చోట కూడా దురద, దద్దుర్లు, నీరు కారడం. అలా ఉంటే వెంటనే ఆపి డాక్టరు దగ్గరకి వెళ్లాలి, మళ్లీ ఎప్పుడూ ఆ మందు రాయకూడదు. అలాంటివి లేకపోతే మూడు నాలుగు రోజులు పూర్తిగా ఆపి, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రోజుకి రెండు మూడు సార్లు రాయండి. మంట తగ్గాక మళ్లీ మొదలుపెడదాం, ఎలాగో కింద చెబుతాను.

ముందు అసలు ఆ మందు ఏం చేస్తుందో చెప్పాలి, అది తెలిస్తే సగం భయం పోతుంది. మన చర్మంలో ప్రతి వెంట్రుక కుదురుకీ ఒక సన్నని గొట్టం ఉంటుంది, దాని పక్కనే నూనె గ్రంథి. ఈడొచ్చేటప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల ఆ నూనె ఎక్కువగా ఊరుతుంది. అదే సమయంలో గొట్టం లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు బయటికి పోకుండా నూనెతో కలిసి ముద్ద కడతాయి. పంట బోదెకి గుర్రపుడెక్క అడ్డం పడితే వెనక నీళ్లు నిలిచిపోయినట్టే. మూత తెరుచుకుని ఉంటే నల్లచుక్క, మూసుకుపోతే తెల్లచుక్క. నల్లచుక్కలోని నలుపు మురికి కాదు కాబట్టి ఎంత రుద్దినా పోదు, రుద్దితే పుండవుతుంది. ఇక ఆ నిలవ నూనెలో క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, పాత పుస్తకాల్లో ప్రొపియోనిబ్యాక్టీరియం అని ఉంటుంది. అది అందరి చర్మం మీదా ఉండేదే, గాలి ఆడని చోట బాగా పెరుగుతుంది. దానిమీద మన శరీరం తిరగబడితే ఎరుపు, వాపు, చీము.

బెంజాయిల్ పెరాక్సైడ్ నూనెలో కరిగి ఆ గొట్టంలోకి దిగుతుంది. అక్కడ విడిపోయి ఆక్సిజన్‌తో కూడిన చురుకైన కణాలను వదులుతుంది, అవి ఆ బ్యాక్టీరియా ప్రొటీన్లను ముక్కలు చేసేస్తాయి. పైన పేరుకున్న పొట్టును కూడా కొంచెం వదులు చేస్తుంది, అందుకే కాస్త పొట్టు లేవడం మందు పనిలో భాగమే. మిగిలేది బెంజోయిక్ ఆమ్లం, ఒంట్లోకి చేరిన కొద్దిపాటిది కూడా మూత్రంలో పోతుంది.

చెరువుగట్టు (ఆకివీడు)

డాక్టరు గారూ, చదువుతుంటే మా రొయ్యల చెరువు గుర్తొచ్చింది. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతే గాలి ఎక్కించే ఏరియేటర్లు తిప్పుతాం, అయినా అది పెరగకపోతే ఆక్సిజన్ బిళ్లలు చల్లుతాం, అవి నీళ్లలో పడి ఆక్సిజన్ వదులుతాయి. ఇదీ అలాంటిదేనా? అక్కడ రొయ్యని బతికించేది ఇక్కడ పురుగుని చంపుతోందా?

చర్మం_డాక్టర్

చాలా వరకు అదే అండి. ఆ బిళ్లలు కూడా పెరాక్సైడ్ జాతివే. రొయ్యకి ఆక్సిజన్ కావాలి, ఈ బ్యాక్టీరియాకి అది పడదు. పైగా ఇక్కడ పనిచేసేది ఉత్త ఆక్సిజన్ కూడా కాదు, దానికంటే చాలా చురుకైన రూపం. దొరికిన ప్రతి దాన్నీ పట్టుకుని ఆక్సీకరణం చేస్తుంది. లంకపిల్ల గారి దిండు గలీబు రంగు పోయింది అందుకే. రంగు అద్దకాలను విరగ్గొడుతుంది, కొన్ని దేశాల్లో గోధుమపిండిని తెల్లబరచడానికి కూడా ఇదే వాడారు. చర్మం రంగుని మాత్రం తెల్లబరచదు, ఆ భయం పెట్టుకోకండి. తువ్వాలు, గలీబు తెల్లవి వాడండి, కనుబొమలకి, నుదుటి మీది జుట్టుకి తగలనివ్వకండి.

యాంటీబయాటిక్‌కీ దీనికీ తేడా కూడా మీకు బాగా అర్థమవుతుంది. క్లిండమైసిన్ లాంటి జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్‌కి అలా అలవాటు పడిన దాఖలా ఇన్ని దశాబ్దాల్లో లేదు, ఎందుకంటే అది ఒక చోట కాదు, ఎక్కడ పడితే అక్కడ దెబ్బ కొడుతుంది. అందుకే క్లిండమైసిన్ రాయాల్సి వస్తే దీనితో కలిపే రాస్తాం.

చెరువుగట్టు

బాగా అర్థమైందండి. రొయ్యల్లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికి సరుకు వెనక్కొస్తే ఏమవుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. నా సంగతి కూడా ఒకటి చెబుతాను. నాకు నుదుటి మీద, ఛాతీ మీద, వీపు పైన చిన్న చిన్నవి, అన్నీ ఒకే సైజులో ఆవగింజల్లా వస్తున్నాయి, చెమట పడితే విపరీతమైన దురద. ఇదే జెల్ రెండు నెలలు రాశాను, ఏమీ మారలేదు.

చర్మం_డాక్టర్

దురద ఉండి, అన్నీ ఒకే సైజులో ఉన్నాయంటే అవి మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ వల్ల వెంట్రుక కుదుళ్లలో వచ్చే పొక్కులు అలాగే ఉంటాయి, మన ఉక్కపోతలో, రోజంతా తడిసిన బనీనుతో పనిచేసేవాళ్లలో చూస్తుంటాం. దానికి కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు కావాలి, యాంటీబయాటిక్ మింగితే ఇంకా పెరుగుతుంది. ఒకసారి చూపించుకోండి, చూడకుండా నేను తేల్చి చెప్పలేను. పని అవగానే స్నానం చేసి పొడి బట్టలు వేసుకోవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.

కొబ్బరితోట గారూ, మీ మాటకి గౌరవంగానే జవాబిస్తున్నాను. లారిక్ ఆమ్లం ఆ బ్యాక్టీరియాని ప్రయోగశాలలో చంపిన మాట నిజమే. కానీ అది విడిగా తీసిన ఆమ్లం. సీసాలోని కొబ్బరినూనెలో అది చాలా వరకు కొవ్వుగా కట్టుబడి ఉంటుంది. మొటిమలు వచ్చే మొహం మీద రాస్తే ఆ నూనె గొట్టాలను ఇంకా మూసేస్తుంది. మొటిమల స్వభావం లేనివాళ్లకి ఏమీ కాదు, మీ అమ్మగారు ఆ కోవలోవారై ఉంటారు. లంకపిల్ల గారూ, మీ నుదుటి మీద జుట్టు మొదలు దగ్గర ఎక్కువ ఉన్నాయా? తలకి నూనె పెట్టుకుని పడుకుంటారా?

లంకపిల్ల

ఆయ్, అవునండి. ఆదివారం, బుధవారం రాత్రి అమ్మ తలకి బాగా పట్టిస్తుంది, పొద్దున తలస్నానం. నుదుటి మీద సరిగ్గా జుట్టు అంచునే ఎక్కువ. ఇన్నాళ్లూ ఆ రెండిటికీ సంబంధం ఉందనుకోలేదు.

కొబ్బరితోట

సరే బాబూ, చదువుకున్నవాడివి, కారణం చెప్పావు, ఒప్పుకుంటాను. తలకి పెట్టుకోవద్దని అనవు కదా?

చర్మం_డాక్టర్

అనను అండి. తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేసుకుంటే చాలు, రాత్రంతా దిండు మీదకీ నుదుటి మీదకీ కారకూడదు అంతే.

తణుకు_అమ్మ

మా అబ్బాయికి 16 ఏళ్లు. నిమ్మకాయ చెక్క రుద్దాడు, టూత్‌పేస్ట్ పెట్టాడు, ఎవరో చెబితే వంటసోడా కూడా. నిమ్మరసం రాసుకుని ఎండలో క్రికెట్‌కి వెళ్తే బుగ్గ మీద నల్లటి చార పడింది, నాలుగు నెలలైనా పూర్తిగా పోలేదు. ఇప్పుడు బుగ్గల్లో, దవడ మీద లోపల గడ్డల్లా ఉన్నాయి, తగ్గిన చోట గుంటలు పడుతున్నాయి. వీడికీ ఈ జెల్ సరిపోతుందా? మామిడిపళ్లు మానిపించాను, పూతరేకులు కూడా పెట్టట్లేదు, వాడు నాతో మాట్లాడడం తగ్గించేశాడు, అది ఇంకా బాధగా ఉంది.

చర్మం_డాక్టర్

అమ్మా, గుంటలు పడుతున్నాయంటే ఈ జెల్ ఒక్కదానితో ఆగకండి, ఈ వారమే చర్మ డాక్టరుకి చూపించండి. గుంట ఒకసారి పడితే పూడ్చడం చాలా కష్టం, అందుకే ఇక్కడ తొందర అవసరం. అడపలీన్ (గొట్టాలు మూసుకుపోకుండా చూసే మందు)తో కలిపిన జెల్, కొంతకాలం మాత్రలు, అవసరమైతే ఐసోట్రెటినాయిన్ ఇస్తారు. అది బాగా పనిచేసే మందు, పెదాలు ఎండిపోతాయి, మధ్యలో రక్తపరీక్షలు చేయించాలి. ఆడపిల్లలైతే అది వాడినన్నాళ్లూ, ఆపిన తరవాత నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి. కొనుక్కుని సొంతంగా మింగే మందు కాదు. ప్రైవేటుకి వెళ్లలేకపోతే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో చర్మ విభాగం ఓపీ ఉంది.

తిండి సంగతికి వస్తే, తీపి, మైదా బాగా ఎక్కువగా తినేవాళ్లలో, పాలు ఎక్కువ తాగేవాళ్లలో, జిమ్‌లో వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) వాడేవాళ్లలో మొటిమలు కొంత పెరుగుతాయని ఆధారాలు ఉన్నాయి. మామిడిపండు తింటే వేడి చేసి మొటిమలు వస్తాయనడానికి లేవు. ఎండాకాలం చెమట, జిడ్డు ఎక్కువ, మామిడిపళ్లూ అప్పుడే వస్తాయి, అందుకే మనవాళ్లు రెండూ ముడిపెట్టారని నా అభిప్రాయం. పిల్లాడికి మామిడిపండు పెట్టండి అమ్మా.

నరసాపురం_శ్రీ

ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక మందుల షాపులో మొటిమలకి అని అడిగితే నాకు వేరే ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజుల్లో మొహం నున్నగా, తెల్లగా, ఒక్క మొటిమ లేదు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఏడాది వాడాను. ఆపిన వారానికి మొహమంతా ఎర్రగా మండిపోయి, ఇంతకు ముందుకి మూడింతల మొటిమలు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, పై పెదవి మీద వెంట్రుకలు. అందులో స్టెరాయిడ్ ఉందని తరవాత తెలిసింది. బాగుపడడానికి ఏడాదిన్నర పట్టింది. లంకపిల్లా, పెళ్లి దగ్గర పడుతోందని ఎవరైనా నాలుగు రోజుల్లో తగ్గించే ట్యూబు ఇస్తే దయచేసి తీసుకోకు.

మందులషాపు_అన్న

శ్రీ అమ్మ చెప్పినది అక్షరాలా నిజం, మా వృత్తిలో ఇది తప్పు పని. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ ఈ మూడింట్లో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్, మొటిమలకి సొంతంగా రాయకూడదు. 2018 నుంచి ఇలాంటి పూతమందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

డాక్టరు గారిని నేనూ ఒకటి అడగాలి. ఈ మందులో క్యాన్సర్ కారకం ఉందని వాట్సాప్‌లో తిరుగుతోంది, కస్టమర్లు ట్యూబులు వెనక్కి తెస్తున్నారు.

చర్మం_డాక్టర్

దాని మూలం ఇది. 2024లో అమెరికాలో ఒక ప్రైవేటు ప్రయోగశాల, బెంజాయిల్ పెరాక్సైడ్ ఉత్పత్తులు వేడికి విడిపోయి కొన్నిట్లో బెంజీన్ తయారవుతోందని చెప్పింది. బెంజీన్ క్యాన్సర్ కారకమే, ఆ ఆందోళన ఊరికే పుట్టింది కాదు. తరవాత అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించి, 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు కనపడలేదని, లేదా అతి తక్కువ ఉందని 2025 మార్చిలో చెప్పింది. కొద్దిపాటి ఉత్పత్తులను మాత్రం కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. మనం చేయాల్సింది, ట్యూబుని వేడికి దూరంగా ఉంచడం, గడువు దాటితే పారేయడం. మే నెలలో బండి డిక్కీలో, కిటికీ పక్కన ఎండ పడే చోట ఉంచకండి.

లంకపిల్ల గారూ, ఇప్పుడు మీ సంగతి. మంట తగ్గాక 2.5 శాతం తెచ్చుకోండి. రాత్రి ఘాటు లేని సబ్బుతో మొహం కడిగి, తుడిచి, పావుగంట ఆగండి, తడి మొహం మీద రాస్తే ఎక్కువ మండుతుంది. మొహమంతటికీ కలిపి శనగగింజంత చాలు. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా పామాలి, ఎందుకంటే రేపు రాబోయే మొటిమ లోపల ఇప్పటికే మొదలై ఉంటుంది, మన కంటికి కనపడదు. కళ్ల చుట్టూ, ముక్కు మూలలు, పెదాల చివర వదిలేయండి. మొదటి వారం రోజు విడిచి రోజు, పది నిమిషాలు ఉంచి కడిగేయండి. చర్మం ఓర్చుకుంటే సమయం పెంచుతూ రాత్రంతా ఉంచే దాకా రండి. పైన మాయిశ్చరైజర్. పగలు ఎస్పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్, మన రంగు చర్మానికి మొటిమ పోయాక మిగిలే నల్ల మచ్చ ఎండకి ఇంకా ముదురుతుంది. గిల్లకండి.

పెళ్లికి ఐదు వారాలే అన్నారు, అబద్ధపు ఆశ పెట్టను. అప్పటికి కొత్తవి రావడం కొంత తగ్గవచ్చు, పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు. నెలసరి సరిగ్గా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా చెప్పండి, అప్పుడు పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు కావాలి.

లంకపిల్ల

చాలా థాంక్స్ అండి. నెలసరి సరిగానే వస్తుంది. ఇవాళ్టి నుంచి ఆపేసి మాయిశ్చరైజర్ ఒక్కటే రాస్తున్నాను. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను, దిండుకి పాత తెల్ల పంచె గుడ్డతో గలీబు కుట్టేసింది.

భీమవరం_అక్క

పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు నీ మొహానికి గట్టిగా రుద్దనివ్వకు చెల్లీ. పెళ్లికి ముందు పార్లర్‌లో బ్లీచ్, ఫేషియల్ కూడా వద్దు. పట్టు జాకెట్టు వేసుకునే రోజు మెడ మీద మందు లేకుండా చూసుకో, నా ఉప్పాడ చీర జాకెట్టు మెడ దగ్గర రంగు పోయింది.

లంకపిల్ల

ఆరు వారాలైంది, చెప్పాలనిపించి వచ్చాను. పెళ్లి నాటికి పాత మచ్చలన్నీ అలాగే ఉన్నాయి, కానీ కొత్త చీము మొటిమలు వారానికి ఒకటో రెండో. రాత్రి నూనె మానేశాక నుదురు ముందుగా బాగుపడింది. ఇప్పుడు రాత్రంతా ఉంచుతున్నాను, మంట లేదు. పెళ్లిలో అక్క పక్కన నిలబడి ఫొటో దిగాను.

తణుకు_అమ్మ

ఎంత సంతోషంగా ఉందో తల్లీ. మా వాడిని చూపించాం, రక్తపరీక్షలు చేసి ఐసోట్రెటినాయిన్ మొదలుపెట్టారు. పెదాలు బాగా పగులుతున్నాయి, నెయ్యి రాస్తున్నాడు. కొత్త గడ్డలు ఆగాయి. నిన్న తనంతట తనే వచ్చి అద్దంలో చూపించాడు.

చెరువుగట్టు

నాది ఫంగస్సేనని తేలింది డాక్టరు గారూ, మూడు వారాల్లో దురద పోయింది. మా తమ్ముడికి మాత్రం వీపు మీద నిజంగా చీము మొటిమలే. వీపుకి ఈ జెల్ రాయొచ్చా?

చర్మం_డాక్టర్

రాయొచ్చు. వీపుకి జెల్ కంటే అదే మందున్న ఫేస్‌వాష్ లాంటిది తేలిక. స్నానంలో పట్టించి రెండు మూడు నిమిషాలు ఉంచి బాగా కడిగేయమనండి. కడిగాక కూడా కొంచెం మిగులుతుంది కాబట్టి కొన్నాళ్లు పాత తెల్ల బనీన్లే వేసుకోమనండి.